గీత దాటిన పాదం, మూడు పుస్తకాల్లో మూడు స్కోర్లు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికాలో మనవాళ్ళు బాగా స్థిరపడ్డ ఒక శివారు ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ లీగ్ ఇది. ఆట లిటిల్ లీగ్ రూల్‌బుక్ ప్రకారం నడుస్తుంది. అక్కడ నాకు రెండు పనులు. శనివారాలు ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలలో ఉండే హోమ్ బేస్, రన్నర్ చివరికి చేరే ఇల్లు) వెనక అంపైరింగ్, వారం మధ్యలో అన్ని జట్ల స్కోర్‌బుక్‌లు తెప్పించుకుని సరిచూడటం. రెండింటికీ జీతం లేదు, తిట్లు మాత్రం రెండింటికీ వస్తాయి.

11-12 ఏళ్ళ పిల్లలు ఆడే మేజర్స్ విభాగంలో జట్టుకి ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలుంటారు. డగౌట్ (ఆటగాళ్ళు కూర్చునే చోటు) పక్కన మడత కుర్చీ వేసుకుని స్కోర్ రాసేది కూడా చాలాసార్లు మన తల్లిదండ్రులే. చిన్నప్పటి నుంచీ క్రికెట్ స్కోర్‌బోర్డు చూసినవాళ్ళు కాబట్టి అంకెలంటే బెరుకు లేదు. కానీ బంతి బ్యాట్‌కి తగిలి, రన్నర్లు పరిగెత్తి, జనం చప్పట్లు కొట్టాక అంపైర్ వచ్చి "ఇదేదీ చెల్లదు" అంటే మాత్రం పెన్సిల్ ఆగిపోతుంది. ఏది కొట్టేయాలి, ఏది ఉంచాలి అన్నది చాలామందికి తెలియదు. ఈ కేసు దాని గురించే. ఎవరినీ గుర్తుపట్టకుండా జట్ల రంగులు, కొన్ని వివరాలు మార్చాను. నీలం జట్టు, పసుపు జట్టు అనుకుందాం.

జరిగింది చెప్పేముందు రూల్ ఒకసారి చూద్దాం. బ్యాటర్ నిలబడే బాక్స్ మా పిల్లల మైదానంలో 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. లోపలి గీత ప్లేట్‌కి 4 అంగుళాల దూరంలో ఉంటుంది. ప్లేట్ మధ్య నుంచి ముందుకి 3 అడుగులు, వెనక్కి 3 అడుగులు. ఒక పాదం గానీ రెండూ గానీ నేల మీద ఆని, పూర్తిగా ఈ బాక్స్ బయట ఉండగా బంతిని కొడితే బ్యాటర్ అవుట్. ఇది 6.06(ఎ). బంతి ఫెయిర్ (మైదానం గీతల లోపల) అయినా ఫౌల్ (బయట) అయినా అవుటే. గీత కూడా బాక్స్‌లో భాగమే, కాబట్టి బొటనవేలి కింద కాస్త గీత ఉన్నా పాదం లోపలున్నట్టే. పాదం గాలిలో ఉంటే ఎంత ముందుకు పోయినా ఇబ్బంది లేదు. బయట అడుగేసి ఊపి, బంతి తగలకపోతే అది మామూలు స్ట్రైక్ (మూడైతే స్ట్రైకవుట్), అంతే. ఇక 5.09(డి) ప్రకారం ఇలా కొట్టిన బంతి డెడ్, అంటే ఆట అక్కడే ఆగినట్టు, రన్నర్లు ఎక్కడివాళ్ళక్కడికి వెనక్కి వెళ్ళాలి.

వచ్చిన చిక్కు

శనివారం ఆట, అయిదో ఇన్నింగ్స్ రెండో సగం. నీలం జట్టు బ్యాటింగ్, స్కోరు 5, పసుపు జట్టుది 6. ఒక అవుట్ అయింది. రెండో బేస్ మీద, మూడో బేస్ మీద రన్నర్లున్నారు. బ్యాట్ పట్టుకున్నది ఒక తెలుగు కుర్రాడు. ఒక బాల్ (కొట్టే వీలులేని చోటుకి వచ్చిన బంతి), ఒక స్ట్రైక్ అయ్యాక కోచ్ స్క్వీజ్ బంట్‌కి (మూడో బేస్ రన్నర్ ఇల్లు చేరేలా బంతిని మెల్లగా తాకించి దించడం) సైగ చేశాడు. బంతి బ్యాటర్‌ని చేరగానే మూడో బేస్ రన్నర్ పరుగందుకున్నాడు. కుర్రాడు బంతికి ఎదురెళ్ళి, వెనక కాలు ముందుకేసి, బంతిని మెత్తగా నేలకి దించాడు. బంట్ అంటే అలా ఉండాలి. పిచర్ బంతి తీసి ప్లేట్‌కి విసిరేలోపు రన్నర్ చేరిపోయాడు. క్యాచర్ కంగారుగా మొదటి బేస్‌కి విసిరితే అది మొదటి బేస్‌మన్ తల మీద నుంచి పోయింది. రెండో బేస్ రన్నర్ కూడా ఇల్లు చేరాడు. 7-6. నీలం వైపు కేకలు మిన్నంటాయి.

అప్పటికే ప్లేట్ అంపైర్ "అవుట్" అన్నాడు. కానీ చేతులెత్తి ఆట ఆపలేదు. ఆ అరుపుల్లో ఆయన మాట ఎవరికీ వినబడలేదు. బేస్‌ల దగ్గరున్న రెండో అంపైర్ హైస్కూల్ కుర్రాడు, అతను ఆటని అలాగే సాగనిచ్చాడు. అంతా అయ్యాక ఇద్దరూ కలిసి మాట్లాడుకుని తేల్చింది ఇది: బంతి తగిలినప్పుడు బ్యాటర్ కుడి పాదం ముందు గీతకి పూర్తిగా అవతల, నేల మీద ఉంది. బ్యాటర్ అవుట్, రన్నర్లు వెనక్కి, రెండు అవుట్లు. తర్వాతి బ్యాటర్ స్ట్రైకవుట్ అయ్యాడు. ఆరో ఇన్నింగ్స్‌లో ఎవరికీ పరుగు రాలేదు. పసుపు జట్టు 6-5తో గెలిచింది.

ఆ రాత్రికే నాకు మూడు మెసేజ్‌లు వచ్చాయి. నీలం మేనేజర్‌కి ప్రొటెస్ట్ (తీర్పు మీద అధికారిక అభ్యంతరం) కావాలి. పసుపు మేనేజర్‌కి తన పిచర్ బుధవారం బంతి వేయొచ్చా లేదా అన్నది తేలాలి. కుర్రాడి తండ్రికి కొడుకు సగటు సంగతి. "అన్నా, వాడు జట్టు కోసం త్యాగం చేశాడు కదా, శాక్రిఫైస్ అయినా ఇవ్వరా?" అని ఆయన బాధ. (తాను అవుటై రన్నర్‌ని ముందుకి పంపినవాడికి రాసేది శాక్రిఫైస్ బంట్, దానివల్ల సగటు తగ్గదు.)

మర్నాడు మూడు రికార్డులు తెప్పించాను. నీలం జట్టు కాగితం పుస్తకంలో రెండు పరుగులు కొట్టేసి ఉన్నాయి, కానీ గడిలో శాక్రిఫైస్ అలాగే ఉంది. అవుట్ ఎవరికో ఇవ్వాలి కాబట్టి పిచర్‌కి అసిస్ట్ (అవుట్‌కి సాయపడ్డందుకు), మొదటి బేస్‌మన్‌కి పుటౌట్ (అవుట్ పూర్తి చేసినందుకు) రాశారు. అదే జట్టు ఫోన్ యాప్‌లో ఇంకొకరు "అన్‌డూ" నొక్కేశారు. అంటే ఆ బంతీ లేదు, ఆ బ్యాటరూ లేడు, ఒక అవుట్ మాత్రం చేత్తో కలిపారు. పసుపు పుస్తకంలో ఏకంగా స్ట్రైకవుట్ రాశారు.

మొదట ప్రయత్నించినవి, ఎందుకు పనిచేయలేదు

బాక్స్ స్కోర్ (ఆట మొత్తం లెక్కల పట్టిక) సరిచూసే పద్ధతి ఒకటుంది. ఒక జట్టు ఎట్ బ్యాట్‌లు (సగటు లెక్కలో చేరే బ్యాటింగ్ అవకాశాలు), వాక్‌లు (నాలుగు బాల్స్ పడితే దక్కే మొదటి బేస్), బంతి తగిలి బేస్‌కి పోయినవాళ్ళు, శాక్రిఫైస్‌లు, అడ్డుకోవడం వల్ల మొదటి బేస్ దక్కినవాళ్ళు, ఇవన్నీ కూడితే వచ్చే మొత్తం ఆ జట్టు పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్ళు, ఎదుటి జట్టు పుటౌట్లు కూడిన మొత్తానికి సమానం కావాలి. ప్రతి వారం నేను మొదట చూసేది అదే. తప్పు రాసిన పుస్తకం ఈ లెక్క దగ్గర దొరికిపోతుంది.

ఈసారి దొరకలేదు. పసుపు పుస్తకంలో నీలం బ్యాటింగ్: 23 ఎట్ బ్యాట్‌లు, 5 వాక్‌లు, ఒక హిట్ బై పిచ్, మొత్తం 29. అటు వైపు 5 పరుగులు, మిగిలినవాళ్ళు 6, పుటౌట్లు 18, మొత్తం 29. సరిపోయింది. నీలం కాగితంలో ఎట్ బ్యాట్‌లు 22, శాక్రిఫైస్ 1, మిగతావి అవే, మళ్ళీ 29కి 29. యాప్‌లో బ్యాటర్‌ని తీసేశారు కాబట్టి ఇటు 28. ఆ అవుట్‌కి ఫీల్డర్ ఎవరూ లేడు కాబట్టి పుటౌట్లు 17, అటూ 28. మూడు కథలు, మూడూ తూకానికి సరిపోయాయి. మూడింట్లో ఒక్కటీ పూర్తిగా నిజం కాదు.

యాప్‌ని మొదట పక్కన పెట్టాను. అది తేలిక. నీలం జట్టు ఓడింది, అంటే ఆరు ఇన్నింగ్స్ పూర్తిగా ఆడింది, అంటే 18 అవుట్లు. ప్రతి అవుట్‌కీ ఒక పుటౌట్ ఉండి తీరాలి. 17 ఉన్నాయంటే ఎక్కడో ఒక అవుట్ అనాథగా పడి ఉంది.

పసుపు పుస్తకం స్ట్రైకవుట్‌ని కొట్టేయడానికి గడి మూలనున్న చిన్న చదరాలు చాలు. బాల్ ఒకటి, స్ట్రైక్ ఒకటి టిక్ పెట్టి ఉన్నాయి. ఒక స్ట్రైక్ మీద బంట్ చేసినవాడు స్ట్రైకవుట్ ఎలా అవుతాడు? రాసినావిడని అడిగాను. "అంపైర్ అవుట్ అన్నారండీ, బంతి విసిరి అవుట్ చేసినట్టు లేదు. బంట్ ఫౌల్ అయి మూడో స్ట్రైక్ అయిందేమో అనుకున్నాను" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు, అంపైర్ కారణం చెప్పలేదు. చూసింది చూసినట్టు టిక్ పెట్టారు కాబట్టే మనకి ఆధారం దొరికింది.

నీలం కాగితం దగ్గర మాత్రం వాదన నడిచింది. బంట్ చేశాడు, ఒకే అవుట్ ఉంది, రన్నర్ కదిలాడు, ఇంకేం కావాలి అని. శాక్రిఫైస్ ఇవ్వాలంటే బంట్ వల్ల రన్నర్ ముందుకి పోవాలి. ఇక్కడ రన్నర్లిద్దరూ తిరిగొచ్చి పాత బేస్‌ల మీదే నిలబడ్డారు. ముందుకి పోయినవాళ్ళే లేనప్పుడు త్యాగం దేనికి? ఎట్ బ్యాట్ పడుతుంది, హిట్ లేదు, పరుగు తెచ్చిన ఖాతాలో ఏమీ లేదు. క్యాచర్ విసిరిన ఆ చెత్త త్రో కూడా ఎర్రర్ కాదు. డెడ్ అయిపోయిన బంతితో ఎవరూ ఎర్రర్ చేయలేరు.

ప్రొటెస్ట్ సంగతి. నీలం మేనేజర్ వాదన, అంపైర్ ఆలస్యంగా చెప్పాడు కాబట్టి ఆట చెల్లాలని. దీన్ని రెండు ముక్కలుగా విడదీసి చూశాను. పాదం బయట ఉందా లేదా అన్నది అంపైర్ కంటికి సంబంధించిన తీర్పు, దాని మీద ప్రొటెస్ట్ ఉండదు. రన్నర్లని వెనక్కి పంపడం రూల్ అమలు, అది తప్పయితే ప్రొటెస్ట్ చేయొచ్చు. కానీ అది సరిగ్గానే జరిగింది. బంతి డెడ్ అయ్యేది చెల్లని విధంగా బ్యాట్‌కి తగిలినప్పుడే. అంపైర్ చేతులెత్తడం ఆ సంగతి నలుగురికీ తెలియజేయడానికే. ఆలస్యంగా ఎత్తితే గందరగోళం పెరుగుతుంది, పరుగులు పుట్టవు.

ఇంకొకరు ఎదురు వైపు నుంచి కూడా వచ్చారు. మూడో బేస్ రన్నర్ ఇంటికి వస్తుండగా బ్యాటర్ తప్పు చేశాడు, రెండు అవుట్లు కాలేదు, కాబట్టి రన్నర్ అవుట్ కావాలి కదా అని. ఆ రూల్ ఉంది, కానీ అది ప్లేట్ దగ్గర ఫీల్డర్‌ని బ్యాటర్ అడ్డుకున్నప్పటిది. ఇక్కడ ఎవరినీ ఎవరూ అడ్డుకోలేదు, పాదం మాత్రమే గీత దాటింది. రెండు రూల్స్ కలిపి వంటచేస్తే ఇలాగే ఉంటుంది.

తేలిన రాత

స్కోరింగ్‌కి మేం అఫీషియల్ బేస్‌బాల్ రూల్స్‌లోని 9వ అధ్యాయాన్ని వాడతాం. అందులో 9.09(బి) క్యాచర్‌కి దానంతట అదే పుటౌట్ వచ్చే సందర్భాలు చెబుతుంది. చెల్లని విధంగా కొట్టి అవుటైన బ్యాటర్ అందులో ఒకడు. మూడో స్ట్రైక్ మీద ఫౌల్ బంట్, తాను కొట్టిన బంతే తనకి తగలడం, వరస తప్పి బ్యాటింగ్‌కి రావడం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. బంతిని ఎవరూ పట్టకపోయినా అవుట్ ఎవరో ఒకరి ఖాతాలో పడాలి, దగ్గరలో ఉన్నది క్యాచర్. కాబట్టి గడిలో 2 (స్కోర్‌బుక్‌లో క్యాచర్ నంబరు), అసిస్ట్ ఎవరికీ లేదు.

విచిత్రం ఏమిటంటే పసుపు పుస్తకం దాదాపు సరైనదే. స్ట్రైకవుట్ రాసినా పుటౌట్ క్యాచర్‌కే వెళ్తుంది, ఎట్ బ్యాట్ పడుతుంది. తేడా అల్లా పిచర్ ఖాతాలో లేని స్ట్రైకవుట్ ఒకటి చేరడమే.

నేను ఇలాంటి ఆటలన్నింటికీ ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది బంతి బ్యాట్‌కి తగలకముందు జరిగిందా, తగిలాక జరిగిందా? తగిలాక జరిగినదంతా పోతుంది. పరుగులు, త్రోలు, ఎర్రర్, రన్నర్ల కదలిక, అన్నీ. తగలకముందు జరిగింది మిగులుతుంది. పిచర్ బంతి వేశాడు, అది పిచ్ కౌంట్‌లో ఉంటుంది. బ్యాటర్ వచ్చాడు, అతని ఎట్ బ్యాట్ ఉంటుంది. దీనికి మినహాయింపులా కనిపించేది స్టీల్ (బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్ దక్కించుకోవడం). బంతి బ్యాటర్‌ని చేరగానే రన్నర్ బయలుదేరినా అతను వెనక్కే వెళ్ళాలి, స్టీల్ దక్కదు. ఎందుకంటే అతను మొదలుపెట్టాడు గానీ బంతి డెడ్ అయ్యేసరికి చేరలేదు.

పిచ్ కౌంట్ దగ్గరే ఈ కేసు ముదిరింది. యాప్‌లో అన్‌డూ నొక్కినవాళ్ళు బ్యాటర్‌తో పాటు ఆ పిచ్‌ని కూడా మింగేశారు. పసుపు పిచర్ లెక్క కాగితం ప్రకారం ఆ బంట్‌తో 65. యాప్ ప్రకారం 64. ఒక్క బంతే కదా అనిపిస్తుంది. 14 ఏళ్ళు, ఆ లోపు పిల్లలకి 51 నుంచి 65 పిచ్‌లు వేస్తే 3 రోజుల విశ్రాంతి, 66 ఆపైన వేస్తే 4 రోజులు. బ్యాటర్‌ని ఎదుర్కొంటూ మధ్యలో హద్దు దాటితే ఆ బ్యాటర్ వరకూ వేసి, ఇంకో బ్యాటర్‌కి వేయకుండా తప్పుకుంటే దాటిన హద్దు లెక్కలోకి రాదు. మన కుర్రాడి అవుట్ తర్వాత పిచర్ ఇంకొక్క బ్యాటర్‌కి వేసి దిగిపోయాడు. యాప్ చెప్పినట్టు 64 దగ్గర ఆ బ్యాటర్ మొదలైతే 65 అన్నది ఆ బ్యాటర్ మధ్యలో వచ్చింది, కాబట్టి 3 రోజులు, బుధవారం బంతి వేయొచ్చు. కాగితం చెప్పినట్టు 65 అప్పటికే నిండితే కొత్త బ్యాటర్‌కి వేసిన మొదటి బంతే 66, కాబట్టి 4 రోజులు, గురువారం వచ్చేదాకా వేయకూడదు. బుధవారం వాళ్ళకి ఆట ఉంది.

అందులో వేడుక ఏమిటంటే, పసుపు మేనేజర్‌కి అనుకూలంగా ఉన్నది ఎదుటి జట్టు యాప్, ఇబ్బందిగా ఉన్నది సొంత పుస్తకం. "యాప్ కంప్యూటర్ కదండీ, తప్పు చేయదు" అన్నాడు. కంప్యూటర్ తప్పు చేయలేదు, చెప్పిన పని చేసింది. చెరిపేయమంటే చెరిపేసింది. వేసిన బంతి వేసినట్టే. ఆ పిల్లాడి భుజానికి ఆ బంట్ చెల్లిందో లేదో తెలియదు. 4 రోజులు అని రాసి పంపాను. మూతి ముడిచాడు గానీ బుధవారం వేరే పిల్లాడితో వేయించాడు.

పాత పుస్తకాల్లో దొరికింది

అక్కడితో ఫైలు మూసేయొచ్చు. కానీ ఆ కుర్రాడి పాత ఆటల గడులు తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. ఒక ఆటలో స్ట్రైక్ టిక్కులు చాలని స్ట్రైకవుట్. ఇంకో చోట షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) నుంచి మొదటి బేస్‌కి అని రాసి కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం. మరో చోట అవుట్ చుట్టూ గుండ్రం చుట్టి, ఏమీ రాయకుండా వదిలేశారు. ఆ రోజుల్లో స్కోర్ రాసినవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగితే అందరి నుంచీ ఒకే జవాబు: "ఏదో కాలు బయట పెట్టాడన్నారు." అదే పాదం, అదే గీత. రాసే పద్ధతి ఒకటి లేకపోవడంతో ఎవరికీ కనిపించలేదు. కోచ్‌కి కూడా.

అందుకే ముందు గుర్తు ఒకటి పెట్టుకోవాలనుకున్నాం. ఒకాయన ఐబీబీ (ఇల్లీగల్లీ బ్యాటెడ్ బాల్) అని సూచించాడు. అది వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే బేస్‌బాల్‌లో ఆ మూడక్షరాలు కావాలని ఇచ్చే వాక్‌కి ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. అవుటైనవాడికి వాక్ ఇచ్చినట్టు చదువుకుంటారు. చివరికి గడిలో "బాక్స్", కింద 2 అని రాయడం ఖాయం చేశాం. బంతి టిక్కులు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి, రన్నర్ల గీతలు మాత్రమే రబ్బరుతో తుడవాలి. యాప్ నడిపేవాళ్ళకి అన్‌డూ నిషేధం. అవుట్ రకం మార్చుకోవాలి, పిచ్ పోకూడదు.

అంపైర్లకి చెప్పింది ఇంకా చిన్నది. రెండు చేతులూ పైకెత్తి "టైమ్" అని అరవాలి. తర్వాత "పాదం బయట, బ్యాటర్ అవుట్, రన్నర్లు వెనక్కి" అని స్కోరర్లకి వినబడేలా చెప్పాలి. ఒక షరతు కూడా ఉంది. మూడో ఇన్నింగ్స్ దాటేసరికి సున్నపు గీతలు పిల్లల బూట్ల కింద పోతాయి. అప్పుడు ఊహించి అవుట్ ఇవ్వొద్దు. పాదం ముద్ర స్పష్టంగా గీత ఉండే చోటుకి అవతల ఉంటేనే ఇవ్వండి, అనుమానముంటే ఆట సాగనివ్వండి.

కుర్రాడి విషయంలో ఏం చేశారు

ఇది నా పని కాదు, కోచ్ పని. కానీ దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొదట కోచ్‌కి మైదానం మీదే అనుమానం వచ్చింది. సున్నం గీయడానికి వాడే ఇనుప చట్రం హైస్కూల్ వాళ్ళదని తెలిసింది. కొలిచి చూశాం. హైస్కూల్ బాక్స్ వెడల్పు 4 అడుగులు, ప్లేట్‌కి దూరం 6 అంగుళాలు, నిజమే. కానీ పొడవు మాత్రం రెండింటికీ 6 అడుగులే. ముందు గీత ఉండాల్సిన చోటే ఉంది. కుర్రాడు దాటేది ముందు గీతని. చట్రం మార్చాం గానీ కారణం అది కాదు.

తర్వాత ముందు గీతని మందంగా గీశారు. అంపైర్‌కి ఉపయోగపడింది, పిల్లాడికి కాదు. బంతి వస్తుంటే పన్నెండేళ్ళవాడు కాళ్ళ వంక చూస్తాడా? ఆ తర్వాత ఒకరిద్దరు అంపైర్లు "బాబూ, జాగ్రత్త" అని ముందే హెచ్చరించడం మొదలుపెట్టారు. నేనే ఆపించాను. రూల్‌లో హెచ్చరిక లేదు, ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే ఎదుటి జట్టు ఊరుకోదు. కొన్నాళ్ళు బంట్ మానిపించారు. వాడు బాగా చేసే పని అదే, మానిపిస్తే మొహం వేలాడేసుకున్నాడు.

అసలు కారణం తండ్రితో మాట్లాడితే బయటపడింది. ఆయన హైదరాబాద్‌లో క్లబ్ క్రికెట్ ఆడినవాడు. ఇంటి వెనక కొడుక్కి నేర్పింది స్పిన్నర్‌కి ముందుకొచ్చి ఆడినట్టు. మెల్లగా వచ్చే బంతి కనబడితే పాదం దానంతట అది ముందుకి పోతుంది. క్రికెట్‌లో క్రీజు వదిలి రావడం ధైర్యం, స్టంపింగ్ అయితే అది బ్యాటర్ రిస్క్. ఇక్కడ బంతి తగిలితేనే అవుట్. "అంటే బాగా ఆడితేనే శిక్షా?" అని నవ్వాడాయన. ఆ నవ్వు తర్వాత పని తేలికైంది.

కోచ్ రెండు మార్పులు చేశాడు. బంట్‌కి అడుగు మార్చడం మానిపించి, ఉన్నచోటే మడమలు తిప్పి నడుముని పిచర్ వైపు తిప్పడం నేర్పాడు. పాదాలు లేవవు కాబట్టి బయటికి పోవు. ముందుకి వెళ్ళి ఆడాలనుకుంటే బంతి రాకముందే బాక్స్ ముందు భాగంలో నిలబడమన్నాడు. రెండోది, ప్రాక్టీసులో ముందు గీత చోట సున్నం బదులు లావుపాటి తాడు పరిచాడు. తాడు మీద కాలు పడితే బూటు అడుగున గట్టిగా తెలుస్తుంది, చూడక్కర్లేదు. మ్యాచ్‌లో తాడు ఉండదు కాబట్టి, ప్రతి బ్యాటింగ్ అయ్యాక డగౌట్‌కి వచ్చి బూటు తిప్పి చూసుకోవడం అలవాటు చేశాడు. మొనల మధ్య తెల్లటి సున్నం అంటుకుని ఉంటే గీత దాకా వెళ్ళినట్టు. వాడికి అది ఆటలా అయింది. "అంకుల్, టుడే నో చాక్" అని నాకు బూటు అడుగు చూపించేవాడు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా వాడి గడుల్లో "బాక్స్" అన్న మాట మళ్ళీ పడలేదు.

పక్కనే ఉన్న ఇంకో చిక్కు

కొత్త పద్ధతి అమల్లోకి వచ్చిన కొన్నాళ్ళకి, దాన్ని పొరపాటున వాడిన ఆట ఒకటి వచ్చింది. ఈసారి పాదం కాదు, బ్యాట్. లిటిల్ లీగ్ మేజర్స్‌లో 2018 జనవరి 1 నుంచి, ఒకే చెక్కతో చేసినవి తప్ప, యూఎస్‌ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాట్‌లే వాడాలి. పొడవు 33 అంగుళాలు, లావు 2 అంగుళాల 5/8 మించకూడదు. ట్రావెల్ జట్లలో ఆడే పిల్లల సంచుల్లో వేరే ముద్ర ఉన్న, బంతిని ఇంకా వేగంగా పంపే బ్యాట్‌లుంటాయి. అలాంటిదొకటి ఒక పిల్లాడు తెచ్చాడు. మొదటి బేస్ మీద రన్నర్ ఉండగా షార్ట్‌స్టాప్‌కి కొట్టాడు, డబుల్ ప్లే (ఒకే బంతి మీద రెండు అవుట్లు). తర్వాతి బ్యాటర్ బాక్స్‌లోకి రాకముందే ఎదుటి కోచ్ బ్యాట్ చూసి అంపైర్‌ని పిలిచాడు. స్కోరర్ వెంటనే "బాక్స్" రాసినట్టే "బ్యాట్, 2" అని రాసి, డబుల్ ప్లే తుడిచేయబోయింది.

ఇక్కడ దారి వేరు. పాదం బయట ఉంటే బంతి అక్కడికక్కడే డెడ్, ఎవరికీ ఎంపిక ఉండదు. చెల్లని బ్యాట్ సంగతి చాలాసార్లు ఆట అయ్యాకే తెలుస్తుంది. అందుకే 6.06(డి) ఫీల్డింగ్ జట్టు మేనేజర్‌కి ఒక అవకాశం ఇస్తుంది. ఆ బంతి మీద ఆట ముగియగానే, శిక్ష వద్దు, జరిగిన ఆటే కావాలని ఆయన చెప్పొచ్చు. శిక్ష తీసుకుంటే ఒక అవుట్, రన్నర్ మొదటి బేస్‌కి. ఆట తీసుకుంటే రెండు అవుట్లు, బేస్‌లు ఖాళీ. ఆయన రెండోదే కోరుకున్నాడు, ఎవరైనా అదే కోరుకుంటారు. కాబట్టి 6-4-3 (షార్ట్‌స్టాప్, రెండో బేస్‌మన్, మొదటి బేస్‌మన్) డబుల్ ప్లే అలాగే ఉండిపోయింది. బ్యాటింగ్ జట్టు మొదటి తప్పు కాబట్టి పెద్దవాళ్ళైన బేస్ కోచ్‌లలో (బేస్‌ల దగ్గర రన్నర్లకి సైగలిచ్చేవాళ్ళు) ఒకరిని ఆ మ్యాచ్ మొత్తానికి పోగొట్టుకుంది. రెండోసారి అయితే మేనేజరే మైదానం బయటికి. స్కోరర్లకి చెప్పింది ఒక్కటే: బ్యాట్ గొడవైతే రబ్బరు కింద పెట్టి, మేనేజర్ ఏమంటాడో వినండి.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

కొత్త స్కోరర్లకి క్లాసులో ఆ మూడు పుస్తకాల నకళ్ళు పేర్లు తీసేసి ఇస్తాను. కూడి చూడమంటాను. అన్నీ సరిపోయాయని చెబుతారు. తర్వాత పిచ్ టిక్కులు, అవుట్ల సంఖ్య చూడమంటే అప్పుడు గొడవ మొదలవుతుంది. వాళ్ళు నేర్చుకునేది ఆ గొడవలోనే.

టోర్నమెంట్లకి పోయినప్పుడు ఇంకో మెలిక ఉంది. కొన్ని చోట్ల హైస్కూల్ రూల్స్ మీద నడుపుతారు. అక్కడ పాదం గానీ మోకాలు గానీ ప్లేట్‌ని తాకి ఉండగా కొట్టినా అవుటే. మా రూల్‌బుక్‌లో ప్లేట్ మాట లేదు, పాదం పూర్తిగా బయట ఉందా అన్నదే ప్రశ్న. గీతకీ ప్లేట్‌కీ 4 అంగుళాలే కాబట్టి పన్నెండేళ్ళ వాడి పాదం రెండింటి మీదా ఒకేసారి ఉండొచ్చు. ఇక్కడ ఆట సాగుతుంది, అక్కడ అవుట్. అందుకని ఆట మొదలయ్యే ముందు ప్లేట్ దగ్గర జరిగే మీటింగ్‌లో మా మేనేజర్లు అడగాల్సిన ప్రశ్నల్లో దీన్ని చేర్చాం. లైనప్ కార్డు వెనక రాసి ఉంటుంది: "ప్లేట్ తాకితే ఏంటి?"